మిరపకాయల చలిలో ఒక సాలీడు

ఫిబ్రవరి 11, 2024. ఆదివారం

చర్చి నుంచి రాగానే ఫ్రిజ్ తెరిచాను. కూరగాయల అరలో, కరివేపాకు కవరు వెనక, మహారాణిగారు బతికే ఉన్నారు. ఒక కాలు కదిపింది. చాలు.

ఎవరికైనా చెబితే నవ్వుతారు కాబట్టి ఇక్కడే రాసుకుంటున్నాను. పోయిన సెప్టెంబర్లో యూనివర్సిటీ టీముతో హిమాలయాల్లోని స్పితి లోయకి వెళ్ళాను. అటవీ శాఖ పర్మిషన్లన్నీ తీసుకునే వెళ్ళాం. చెట్టన్నది లేని ఆ కొండల మీద, రాళ్ళ కింద నేల సాలీళ్ళు ఉంటాయి. వల అల్లి కూచునే రకం కాదు, నేల మీద పరిగెత్తి వేటాడే రకం. ఒక మగదాన్ని ఆల్కహాల్ సీసాలో తెచ్చాను. ఒక ఆడదాన్ని ప్రాణంతో తెచ్చాను.

మగదాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి గురునాథం సార్ అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. తర్వాత, ఇది కొత్త జాతి, దీన్ని ఇంతవరకూ ఎవరూ రాయలేదు ఫెబా, అన్నారు. ఎమ్మెస్సీలో నాకు సాలీళ్ళ పిచ్చి అంటించింది ఆయనే. నేను పర్చూరు కాలేజీలో జువాలజీ చెప్పుకుంటున్నా, ఆయన రిటైరైపోయినా, ఇంకా ఆయన స్టూడెంటునే. మగదాని బొమ్మ ఆయనే వేశారు. ఇంకు పెన్నుతో, చుక్క పక్కన చుక్క పెట్టి.

సైన్స్ పత్రికకి పేపర్ పంపాలంటే ఇక ఆడదాని బొమ్మ కావాలి. ఆడ సాలీడు పొట్ట కింద ఆవగింజలో పావు వంతు కూడా లేని చిన్న పలక ఉంటుంది. ఎపిజైన్ అంటాం. ఒక్కో జాతికి ఒక్కో నమూనా. జత కట్టేటప్పుడు మగదాని కొక్కెం తాళంచెవి అయితే అది తాళం. ఈవిడగారికి ఇంకా అది రాలేదు. ఆఖరిసారి కుబుసం విడవాలి, పెద్దమనిషి కావాలి, అప్పుడు వస్తుంది.

తిప్పలు అక్కడే ఉన్నాయి. సార్ కుడి కంట్లో నడిమి చూపు పోయింది. ఎడమ కన్నూ అదే దారిలో ఉందట. ఆపరేషన్‌తో పోయే జబ్బు కాదట. ఆడదాని బొమ్మ కూడా నేనే వేస్తానని ఆయన పట్టు. ఆయన చూపు ఉండగానే ఈ పిల్ల పెద్దది కావాలి. నాకు కావలసింది అంతే.

ఫిబ్రవరి 14

కరుణాకర్ గులాబీలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. మహారాణి ఉన్న డబ్బాని తలుపు అరలోకి జరిపి మరీ. పండగపూట మొగుడితో గొడవ.

మార్చి 3

ఫ్రిజ్ చచ్చింది. మెకానిక్ వచ్చి, కంప్రెసర్ పోయింది మేడమ్, ఎండాకాలం ముందు అన్నీ ఇలాగే పోతాయి, అని నాకేదో శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. డబ్బాకి తడిగుడ్డ చుట్టి కుండ పక్కన పెట్టాను. మహారాణి డబ్బాలోని రాయి కిందకి దూరి బయటకి రావడం మానేసింది. మార్చిలోనే గుంటూరు ఇలా ఉంటే మేలో దీన్ని ఎక్కడ దాచాలి?

అన్నం తింటూ కరుణాకర్ అన్నాడు, మా చాంబర్లో పెట్టరాదూ అని.

మా ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. పెళ్ళై ఇన్నేళ్ళయినా నాకెందుకు తట్టలేదో. ఊరంతా మండిపోతుంటే లక్ష బస్తాల మిరపకాయలు చల్లగా పడుకునే చోటు మా ఇంటికి రెండు మైళ్ళలో ఉంది. ముద్దు పెట్టుకున్నాను. ఇదంతా సాలీడు కోసమేనా, అన్నాడు. అవునన్నాను.

మార్చి 9

పెట్టేశాం. చాంబర్లోకి మార్కా లేనిది ఏదీ పోకూడదని వాళ్ళ రూలు. ప్రతి రైతు బస్తాల మీదా అతని అక్షరాలు, లాటు నంబరు ఇంకుతో కొడతారు. అది లేకపోతే ఆ వస్తువు ఎవరిదో ఎవరూ చెప్పలేరు. కరుణాకర్ ఆలోచించి, మా జక్రయ్య బాబాయి మార్కా కొట్టించాడు. పర్చూరు దగ్గర ఆయన పండించిన మిర్చి కూడా అక్కడే ఉంది. మనవాళ్ళ లాటు, భయం లేదు, అన్నాడు.

మూత మీద తనే రాశాడు: ఊపవద్దు, లోపల ప్రాణం ఉంది.

ఘాటు లోపలికి పోకుండా గాలిరంధ్రాల మీద పల్చటి గుడ్డ అంటించాను. బాబాయి బస్తాల పైన, చేతికందే చోట పెట్టాం. వస్తూ వస్తూ నేను వెనక్కి తిరిగి చూడటం కరుణాకర్ చూశాడు. హాస్టల్లో దింపొచ్చినట్టుంది కదూ, అన్నాడు. అలాగే ఉంది మరి.

ఏప్రిల్ 17

సార్ ఇంటికి వెళ్ళాను. బ్రాడీపేటలో ఆ ఇంటికి వెళితే ముందు కాఫీ తాగాలి, తర్వాతే సాలీడు. సార్ భార్య దుర్గాంబ గారు గ్లాసు ఆయన చేతికి తగిలించి మరీ ఇచ్చారు. ఇదివరకు బల్ల మీద పెట్టేవారు.

ఇంకా పెద్దమనిషి కాలేదా, అని ఆవిడ అడిగారు. లేదన్నాను. మా చెల్లెలు కూతురికి కూడా ఇలాగే ఆలస్యమైంది, కంగారు పడొద్దమ్మా, అన్నారు. సార్ నవ్వారు. తర్వాత మా సాలీడు పేపర్ మొదటి పేజీ నన్ను చదవమని అడిగారు. అది ఆయన రాసిందే. అచ్చులో అంతకంటే పెద్ద అక్షరాలు నేను చూడలేదు.

ఆటోలో ఏడ్చాను. మిర్చి ఘాటు అనుకొని డ్రైవర్ ఏమీ అడగలేదు. ఈ ఊళ్ళో ఏడవడానికి అదొక సౌకర్యం.

మే 6. మధ్యాహ్నం ఒంటిగంట

బయట నలభై ఐదు. చాంబర్ తలుపు తెరవగానే ఊపిరి పొగలా వచ్చింది. స్వెటర్ వేసుకొని, ముక్కుకి చున్నీ కట్టుకొని, టార్చ్ పట్టుకొని మహారాణి దర్శనం.

రెండు చిన్న ఈగలు వేశాను. ఒకదాన్ని పట్టింది. మెల్లగా, తీరిగ్గా, ముసలమ్మ పేపర్ చదివినట్టు తిన్నది. బూడిద రంగు పొట్ట, నల్లటి తల, ఎనిమిది కళ్ళు. అందగత్తె ఏం కాదు. కానీ టార్చ్ ఆర్పాలంటే మనసు రాదు. స్పితిలో దాని రాయి ఎత్తినప్పుడు మిగతావి పారిపోయాయి. ఇదొక్కటే ఆగి నా వేలి కేసి రెండు కాళ్ళు ఎత్తింది. నాకు పొగరున్న వాళ్ళంటే ఇష్టం.

కానీ పెరగడం లేదు. ఏమీ మారడం లేదు. కరుణాకర్ వచ్చి, బస్తాలు మోసే ముఠావాళ్ళు నిన్ను చూసి భయపడుతున్నారు, బయటకి రా, అన్నాడు. బస్తాలతో మాట్లాడుతున్నాననుకున్నారట.

మే 26

సార్ ఎడమ కంటికి ఇంజెక్షన్. ఫోన్లో గొంతు మామూలుగానే ఉంది. అదే నచ్చలేదు.

జూన్ 12. ఉదయం

ఎనిమిదింటికి కరుణాకర్ ఫోన్. డబ్బా లేదు.

జూన్ 12. సాయంత్రం

జరిగింది వరసగా రాస్తాను.

ఎండల సెలవుల తర్వాత ఈ వారమే మిర్చి యార్డు తెరిచారు. బాబాయి ఆగలేదు. సరుకు అమ్ముదామని నిన్న యార్డులో కమీషన్ కొట్టుకి కబురు పెట్టాడు. అమ్మాలంటే ముందు శాంపిల్ పోవాలి. కొట్టు గుమస్తా కోల్డ్ స్టోరేజీకి వచ్చి ఆ మార్కా శాంపిల్ ఇమ్మన్నాడు. ముఠా మనిషి లోపలికి వెళ్ళాడు. ఆ మార్కాతో, బస్తాల పైన, చేతికందేట్టు, ముద్దుగా ఒక డబ్బా ఉంది. శాంపిల్ కట్టి సిద్ధంగా పెట్టారనుకొని తెచ్చి ఇచ్చేశాడు. అతన్ని తిట్టడానికి కూడా లేదు. అతను రూలు ప్రకారమే చేశాడు.

బాబాయికి ఫోన్ చేశాను. ఏందమ్మాయ్, సాలెపురుగు ఉందని నేను సరుకు అమ్ముకోకుండా కూచోనా, అని అరిచాడు. తర్వాత, నేను ఏడుస్తున్నానని తెలిసి, ఏ కొట్టో చెప్పి, ఏడవమాక, పోయి తెచ్చుకో, అన్నాడు.

కాలేజీకి సెలవు పెట్టి యార్డుకి పరిగెత్తాను. బాబాయి చెప్పిన కొట్టు ఎక్కడుందో తెలియక, ఎర్రటి కుప్పల మధ్య, తుమ్ముకుంటూ, కొట్టు తర్వాత కొట్టు. ఎవరిని అడిగినా, ఏ రకం శాంపిల్ మేడమ్, తేజానా, అని ఎదురు ప్రశ్న.

చివరికి కరీముల్లా గారి కొట్టు. పెద్దాయన, తెల్లటి గడ్డం. నన్ను కూచోబెట్టి టీ చెప్పించాడు. నిన్న మూత తీశానమ్మా, మిరపకాయలుండాల్సిన చోట రాళ్ళున్నాయి, జక్రయ్య నాతో పరాచికాలాడుతున్నాడనుకున్నా, అన్నాడు. తర్వాత మూత మీద రాసింది చదివాడట. ప్రాణం ఉందని రాశాక బయట ఎండలో ఎట్లా పెడతానమ్మా, అని లేచి తన ఏసీ గది తలుపు తీశాడు.

బీరువా మీద ఉంది. బతికే ఉంది. చాంబర్లో కంటే చురుగ్గా డబ్బా అంతా తిరుగుతోంది.

నేను థాంక్స్ చెప్పలేకపోయాను. వెక్కిళ్ళు. టీ మొత్తం తాగేదాకా ఆయన ఎటో చూస్తూ కూచున్నాడు.

సార్‌కి ఫోన్ చేస్తే ఆయన ఇంకో మాట అన్నారు. ఫెబా, అక్కడ చలి తర్వాత ఎండాకాలం వస్తుంది, మనం దానికి మూడు నెలలుగా జనవరే చూపించాం. చాంబర్లో పెట్టొద్దు. ఆ ఏసీ గదిలోనే నాలుగు రోజులు ఉండనివ్వమని అడుగు.

కరీముల్లా గారు, దాందేముంది, నాకూ తోడు, అన్నారు.

జూన్ 16. ఆదివారం

కుబుసం విడిచింది.

పొద్దున్నే కరీముల్లా గారి ఫోన్. అమ్మా, మీ పురుగు రెండయింది, ఒకటి కదలడం లేదు, అన్నారు గాభరాగా. చర్చి మానేసి వెళ్ళాను. రాయి పక్కన తెల్లటి ఖాళీ చొక్కా. దాని పక్కన ఆవిడ, కొత్త కాళ్ళు ఇటుక రంగులో మెరుస్తూ. లెన్స్ పెట్టి పొట్ట కింద చూశాను. ఉంది. చిన్నదే, ముదురు గోధుమరంగులో, ఉంది.

కరుణాకర్ నువ్వుల చిమ్మిలి తెచ్చాడు. ఆడపిల్ల పెద్దమనిషైతే పెట్టొద్దా, అన్నాడు. కరీముల్లా గారికి సంగతి అర్థమై నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ముగ్గురం తిన్నాం.

జూన్ 17

రేపు సార్ దగ్గరికి. బొమ్మ వెయ్యాలంటే ఆల్కహాల్‌లో వెయ్యాలి, పలకని కోసి తియ్యాలి. ఇన్నాళ్ళూ తెలియనిదేం కాదు. ఇవాళ ఒక ఈగ ఎక్కువ వేశాను. పిచ్చిదాన్ని.

కానీ సార్ కన్నా ఎక్కువ కాదు. ఆ బొమ్మ ఆయన చేత్తో పడాలి. ఖాళీ సీసా, ఆల్కహాల్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

జూన్ 18

సార్ ముందు బతికున్నదాన్ని చూస్తానన్నారు. కిటికీ దగ్గర కూచోబెట్టి, పెద్ద లెన్స్ ఇచ్చి, డబ్బా ఆయన ఒళ్ళో పెట్టాను. తల కాస్త పక్కకి తిప్పి ఎడమ కంటితో చూడటం మొదలుపెట్టారు.

కాఫీ చల్లారిపోయింది. దుర్గాంబ గారు మళ్ళీ కలిపి తెచ్చారు. అదీ చల్లారింది.

అది రాయి కింద నుంచి వచ్చింది. ముందు కాళ్ళతో నేల తడుముకుంది. ఈగ దగ్గరికి రాగానే ఒక్క అంగలో మీద పడింది. సార్ చిన్నపిల్లాడిలా నోరు తెరిచారు. ముప్పై ఏళ్ళు ఇవి నా దగ్గరికి సీసాల్లోనే వచ్చాయి ఫెబా, ఎవరో పట్టి పంపితే వాటి కాళ్ళు కొలిచాను, నేనెక్కిన ఎత్తంటే కొండవీడే, అన్నారు. ఇది ఇట్లా నడుస్తుందని నాకు తెలీదు, అన్నారు.

నేను సీసా బయటికి తీశాను. చప్పుడు విన్నారు. లోపల పెట్టెయ్యి, అన్నారు.

అర్థం కాలేదు. సార్, మీ కన్ను, అన్నాను. ఇంకా వారాలో నెలలో అన్నారు కదా డాక్టర్.

నాకూ తెలుసమ్మా, అందుకే, అన్నారు. ఉన్న చూపుని బొమ్మకి ఖర్చు పెట్టమంటావా, దీన్ని చూడటానికి పెట్టమంటావా? బొమ్మ నువ్వు వెయ్యగలవు. ఇక్కడే ఉంచు. దాని కాలం అయిపోయినప్పుడు నువ్వు నీ పని చేసుకో.

సీసా బ్యాగులో పడేసుకొని, డబ్బా ఆయన ఒళ్ళోనే వదిలేసి వచ్చేశాను.

జూన్ 19

కోపం తగ్గలేదు. ఫ్రిజ్, చాంబర్, యార్డు, అంతా దేనికి చేశాను? ఆయన చేతి బొమ్మ కోసం. ఆయన పేరు కింద ఆయన చుక్కల కోసం. నేను వెయ్యగలనని ఆయనకి ఎవరు చెప్పారు?

కరుణాకర్‌తో అదే అన్నాను. అడిగిందేదో ఇచ్చావు కదా, ఎట్లా వాడుకోవాలో కూడా నువ్వే చెబుతావా, అన్నాడు. వాడితో మాట్లాడటం లేదు.

జూన్ 20

మాట్లాడాను.

జూలై 28

ఇప్పుడు మహారాణి నివాసం సార్ కుర్చీ పక్కన స్టూలు మీద. ఏసీ రోజంతా. దుర్గాంబ గారు శాలువా కప్పుకొని, ఈ వయసులో నాకు హిమాలయాలు రాసిపెట్టి ఉన్నాయి, అంటున్నారు. అరటితొక్క మీద చేరిన ఈగల్ని పట్టి వేసేది ఆవిడే. చంపే పాపం నాకు, పేపర్లో పేర్లు మీకా, అని సాధింపు.

సార్ నాకు రోజూ ఫోన్లో చెబుతారు. ఇవాళ నీళ్ళు తాగింది. ఇవాళ రాయి కింద పట్టు గూడుకి ఇంకో పొర వేసింది. వారం నుంచి మాత్రం, మా ఆవిడ చెప్పింది, అని మొదలుపెడుతున్నారు.

సెప్టెంబర్ 8

పోయింది. పట్టుగూట్లో, కాళ్ళు ముడుచుకొని.

సార్ ఒళ్ళో డబ్బా పెట్టుకొని కూచున్నారు. అందులో ఏముందో ఆయనకి ఇక కనపడదు. చేత్తో మూత తడుముతున్నారు. నువ్వు మొదలుపెట్టమ్మా, అన్నారు.

అక్టోబర్ 6

బొమ్మ వేశాను. మూడుసార్లు చించాను. నాలుగోది పర్వాలేదనిపించింది. కాదు, నాకేమీ అనిపించలేదు. అది సరిగ్గా ఉందో లేదో చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆయన చూడలేడు.

అక్టోబర్ 13. ఆదివారం

ఇవాళ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాయాలి.

బొమ్మ పెద్దది చేయించి తీసుకెళ్ళాను. సార్ ఎదురుగా పట్టుకున్నారు, పక్కకి పట్టుకున్నారు, తల అటూ ఇటూ తిప్పారు. కనపడలేదు. నడిమి చూపు మొత్తం పోయింది, అంచులే మిగిలాయి. మాటల్లో చెప్పమన్నారు. చెప్పాను. గీతని మాటల్లో చెబితే ఏం తెలుస్తుంది? ఇద్దరం అలిసిపోయాం.

దుర్గాంబ గారు బొమ్మ చేతిలోకి తీసుకొని, ఎంత పెద్దదైతే కనపడుతుంది మీకు, అని అడిగారు. గుమ్మం ముందు నీ ముగ్గంత అయితే కనపడుతుందేమో, అన్నారు సార్ విసుగ్గా.

ఆవిడ లేచి ముగ్గు డబ్బా తెచ్చారు.

వాకిలి కడిగాం. నేను బొమ్మ మీద పెన్సిలుతో అడ్డం నిలువు గళ్ళు గీశాను. ఆవిడ నేల మీద అన్నే చుక్కలు పెట్టారు. తర్వాత గడి గడికి చూసుకుంటూ గీత లాగారు. పైన గొడుగులాంటి వంపు, కింద ఇద్దరు అక్కచెల్లెళ్ళలా రెండు గుండ్రటి తిత్తులు. ఆవగింజలో పావు వంతు కూడా లేనిది మంచమంత అయింది. మేడ మీద ఉండే రాగసుధ దిగొచ్చి, ఎంత బావుందండీ, ఏం ముగ్గిది, అని ఫోటో తీసుకుంది. కొండల్లో ముగ్గమ్మా, అన్నారు దుర్గాంబ గారు. అది సాలీడులో ఏ భాగమో చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

సార్‌ని తీసుకొచ్చి మెట్ల మీద నిలబెట్టాం. తల పక్కకి తిప్పి, ముగ్గు చుట్టూ మెల్లగా నడిచారు. ఒకసారి. ఇంకోసారి. ఆగారు.

ఎడమ తిత్తి ఇరుగ్గా ఉంది ఫెబా, అన్నారు. మగదాని కొక్కెం నేను వేశాను కదా, అది ఇందులో పట్టదు. మళ్ళీ చూడు.

కాలేజీ ల్యాబ్ తాళాలు నా దగ్గరే ఉంటాయి. కరుణాకర్ బండి మీద పర్చూరు వెళ్ళి ఆ పలకని మళ్ళీ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. ఎడమవైపు అంచు అనుకొని నేను గీసింది అంచు కాదు. కోసినప్పుడు సరిగ్గా ఊడిరాని ఒక పీలిక. సూదితో తీసేస్తే లోపల అసలు అంచు, ఆయన చెప్పిన చోటే ఉంది.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. దుర్గాంబ గారు ఎడమవైపు చెరిపి మళ్ళీ గీశారు. సార్ మళ్ళీ చుట్టూ నడిచారు. ఇప్పుడు సరే, అన్నారు. నేను ఆ వాకిట్లోనే, ముగ్గు తొక్కకుండా, ఆయన్ని వాటేసుకున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

అక్టోబర్ 14

కొత్త జాతికి పేరు సార్ నిర్ణయించారు. దుర్గాంబ గారి పేరు. పురుగుకా, అని ఆవిడ మూతి ముడిచారు. సాయంత్రం వాళ్ళ చెల్లెలికి ఫోన్లో చెబుతుంటే విన్నాను. హిమాలయాల్లో నా పేరు పెట్టారే, అంటున్నారు. దేనికో చెప్పలేదు.

పేపర్ పంపాం.

అక్టోబర్ 20. పొద్దున్నే

సార్‌ని వాకింగ్‌కి తీసుకెళ్ళాను. వీధి చివర, ఎవరో తెలియని వాళ్ళ గేటు ముందు ఆగిపోయారు. తల పక్కకి తిప్పి కిందకి చూశారు.

వాకిట్లో మా ముగ్గు. రాగసుధ ఫోటో ఎవరెవరికి పంపిందో.

ఇది దిద్దకముందుది ఫెబా, వాళ్ళకి చెప్పు, అన్నారు.

బెల్ కొట్టాను. లోపల చెప్పుల చప్పుడు వినపడింది. ఏమని చెప్పాలో అప్పటికింకా ఆలోచించలేదు.